ఓటు చీలవచ్చు, సలాం ఆగకూడదు

అమెరికాలో 2026 నవంబరు 3న మధ్యంతర ఎన్నికలు జరుగనున్నాయి. ఆ దేశపు ఎన్నికల గురించి నిజాంపేటలో కూర్చుని రాయవలసిన అవసరమేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ ప్రాంతాలలో ఏ అపార్టుమెంటు మెట్లెక్కినా కొడుకో, కూతురో, మేనల్లుడో అమెరికాలో ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. హైటెక్ సిటీ ఉద్యోగాలతో పెరిగిన ఊరికి ఇది సహజమే. అందువల్ల అక్కడి రాజకీయం ఇక్కడి దస్తర్‌ఖాన్ మీదికి వచ్చి కూర్చుంటున్నది. 2024 అధ్యక్ష ఎన్నికల వేళ మన కుటుంబాలలో తెగిన మాటలు కొన్ని నేటికీ అతకలేదు. మరో ఎన్నిక వచ్చేలోగా ఆ విషయం మాట్లాడుకోవడం మేలని మా అభిప్రాయం.

ఆనాటి ఎన్నికలను తెలుగు నేల ఒక వేడుకగా చూసింది. జె.డి. వాన్స్ సతీమణి ఉష పూర్వీకుల ఊరైన పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో పూజలు జరిగాయి. కమలా హారిస్ గెలుపు కోరుతూ పాల్వంచలో యాగం జరిగింది. ముస్లిం ఇళ్లలో ఆ ముచ్చట్లకు చోటు లేకపోయింది. 2023 అక్టోబరు నుండి గజాలో సాగిన మారణకాండ ప్రతి ఫోనులోనూ కనబడుతూనే ఉన్నది. అమెరికా పోలింగ్ నాటికి అక్కడి మృతుల సంఖ్య 43 వేలు దాటిందని గజా ఆరోగ్య శాఖ ప్రకటించింది. ఆ యుద్ధానికి ఆయుధాలు సమకూర్చిన ప్రభుత్వానికి ముస్లిం ఓటరు ఏ విధంగా జవాబు చెప్పాలి? చీలిక అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే పుట్టింది.

ఒకే వేదన, నాలుగు దారులు

ఈ చీలిక స్పష్టంగా కనిపించిన చోటు మిషిగన్ రాష్ట్రం. అరబ్బు సంతతి ప్రజలు, ముస్లింలు గణనీయంగా ఉన్న రాష్ట్రమది. 2016లో ట్రంప్ అక్కడ కేవలం 10,704 ఓట్ల తేడాతో గెలిచారు. 2020లో బైడెన్ లక్షన్నర పైచిలుకు ఆధిక్యం సాధించారు. అటువంటి చోట ఒక సముదాయం ఎటు మొగ్గుతుందనేది చిన్న విషయం కాదు.

2024 ఫిబ్రవరి 27న జరిగిన డెమొక్రాటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో లక్షకు పైగా ఓటర్లు బైడెన్‌కు ఓటు వేయక, 'ఎవరికీ కట్టుబడలేదు' అనే గడిపై గుర్తు పెట్టారు. పార్టీలోనే ఉండి పార్టీని హెచ్చరించే పద్ధతి అది. కాని ఆగస్టులో షికాగోలో జరిగిన పార్టీ మహాసభలో ఒక పాలస్తీనా సంతతి వక్తకు కొద్ది నిమిషాలు ఇవ్వండని వారు అడిగితే పార్టీ నిరాకరించింది. ఆ నిరాకరణ తరువాతే దారులు పూర్తిగా వేరయ్యాయి.

మొదటి దారి వారు హారిస్‌ను సమర్థించలేదు, ట్రంప్‌ను వ్యతిరేకించారు, మూడో పార్టీకీ ఓటు వేయమనలేదు. రెండో దారి వారు ట్రంప్ రాకను అడ్డుకోవడమే తక్షణ కర్తవ్యమని భావించి హారిస్ వెంట నిలిచారు. ఎమ్‌గేజ్ అనే ముస్లిం ఓటర్ల సంస్థ రాజకీయ విభాగం సెప్టెంబరులో ఈ నిర్ణయమే ప్రకటించింది. మూడో దారి వారు 'హారిస్‌ను వదిలేయండి' అని ఉద్యమించి గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్‌ను బలపరచారు. ఆయుధాలిచ్చిన పార్టీకి ఓటమే తగిన శిక్ష అని వారి వాదన. నాలుగో దారి వారు నేరుగా ట్రంప్ పక్షం చేరారు. హామ్‌ట్రమ్క్ నగర మేయర్ ఆమిర్ గాలిబ్, డియర్‌బోర్న్ హైట్స్ మేయర్ బిల్ బజ్జీ ఆయనకు మద్దతిచ్చారు. అక్టోబరు 26న నొవై పట్టణంలో జరిగిన సభలో కొందరు ఇమాములు, ముస్లిం నాయకులు ట్రంప్ వేదిక మీదకు ఎక్కారు. యుద్ధాన్ని ఆపగలిగేది ఆయనే అని వారి ఆశ.

ఫలితం అందరికీ తెలిసినదే. 2020లో మూడింట రెండు వంతులకు మించి బైడెన్‌కు ఓటు వేసిన డియర్‌బోర్న్ నగరంలో ఈసారి ట్రంప్‌కు దాదాపు 42 శాతం, హారిస్‌కు 36 శాతం, స్టైన్‌కు 18 శాతం ఓట్లు లభించాయి. మరునాటి నుండి నిందలు మొదలయ్యాయి. 'మీ వల్లే ట్రంప్ వచ్చాడు' అని కొందరు, 'బాంబులు వేసినవారికి మీరు ఓటు వేశారు' అని మరికొందరు దూషించుకున్నారు.

మొదటి నిందను లెక్కతో పరిశీలిద్దాం. మిషిగన్‌లో ట్రంప్ ఆధిక్యం సుమారు 80 వేలు. ఆ రాష్ట్రానికి ఉన్న ఎలక్టోరల్ ఓట్లు 15. దేశం మొత్తం మీద ఆయనకు లభించినవి 312. మిషిగన్ హారిస్‌కు దక్కి ఉన్నా ఆయనకు 297 మిగిలేవి, గెలుపునకు 270 చాలు. పోటీ గట్టిగా ఉన్న ఏడు రాష్ట్రాలనూ ఆయన గెలుచుకున్నారు. అంటే ముస్లిం ఓటు ఏ దారిన నడచినా ఆ ఏడాది అధ్యక్షుడు మారేవాడు కాడు. రెండో నింద కూడా నిలువదు. హారిస్‌కు ఓటు వేసినవారిలో అత్యధికులు బాంబులను సమర్థించలేదు. వారు రాబోయే ప్రమాదాన్ని తూచారు, అంతే.

ఇదే తొలిసారి కాదు

పాతికేళ్ల కిందటి సంగతి ఒకటి గుర్తు చేసుకోవాలి. 2000 సంవత్సరం అధ్యక్ష ఎన్నికలలో నాలుగు ప్రధాన ముస్లిం సంస్థల సమన్వయ మండలి జార్జ్ బుష్‌కు మద్దతు ప్రకటించింది. విచారణలలో రహస్య సాక్ష్యాలను వాడటం అన్యాయమని ఆయన టీవీ చర్చలో అనడం వారిని ఆకర్షించింది. ఓట్లన్నీ ఒకే మూటగా వేస్తే సముదాయానికి విలువ పెరుగుతుందని వారి అంచనా. మరుసటి ఏడాది సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. 2001 అక్టోబరు 26న అదే బుష్ పేట్రియాట్ చట్టంపై సంతకం చేశారు. రహస్య సాక్ష్యాలకు మించిన నిఘా ముస్లింల ఇళ్ల గడపల వరకూ వచ్చింది.

ఇందులో మరో పాఠం ఉన్నది. నల్లజాతి ముస్లింలలో చాలామంది ఆ నిర్ణయంతో ఏకీభవించలేదు. తరతరాలుగా పౌరహక్కుల కోసం పోరాడిన తమను అడగకుండా, వలస వచ్చి స్థిరపడినవారి సంస్థలే సముదాయం పేరిట నిర్ణయం తీసుకున్నాయని వారు బాధపడ్డారు. పైకి ఒకే మూటగా కనిపించిన ఓటు లోపల అప్పటికే చీలి ఉన్నది. సంప్రదింపు లేని ఐకమత్యం ఎక్కువ కాలం నిలబడదు. షూరాను దివ్య ఖుర్ఆన్ విశ్వాసుల లక్షణంగా పేర్కొన్నది. గదిలో ఉన్న పదిమంది తలలూపితే అది షూరా అనిపించుకోదు. గది బయట ఉన్నవారి మాట కూడా లోపలికి రావాలి.

ఇంటి లోపలి నష్టం

అమెరికా రాజకీయ లెక్కల కంటే మమ్మల్ని ఎక్కువ బాధించేది మన ఇళ్లలో జరిగినది. మా ప్రాంతంలోని ఒక కుటుంబం సంగతి పేర్లు లేకుండా చెబుతాము. పెద్ద కుమారుడు టెక్సాస్‌లో ఉంటాడు, పౌరసత్వం వచ్చింది. చిన్నవాడు న్యూజెర్సీలో హెచ్-1బి వీసాపై ఉన్నాడు. పెద్దవాడు స్టైన్‌కు ఓటు వేస్తానన్నాడు. 'భాయ్, దానివల్ల ట్రంప్ వస్తాడు, మా వీసాలకు గండం' అన్నాడు చిన్నవాడు. 'నీ వీసా కోసం గజా పిల్లల రక్తాన్ని మరచిపొమ్మంటావా' అని అన్న జవాబు. తమ్ముడు కోపంలో అన్నను 'మునాఫిఖ్' అన్నాడు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో నలభై మంది చూస్తుండగా ఆ మాట పడింది. ఆ తరువాత ఇద్దరి మధ్య సలాం లేదు. సెలవులకు వచ్చినా ఒకరు ఉండగా మరొకరు రారు. 'ఇద్దరికీ కలిపి దేగ్చీ ఎక్కించి ఏడాది దాటింది' అని ఆ తల్లి మా ఇంట్లోని ఆడవారితో చెప్పుకుని కన్నీరు పెట్టుకున్నది.

ఇప్పుడు చూడండి. టెక్సాస్‌లో ట్రంప్ 13 శాతానికి పైగా ఆధిక్యంతో గెలిచారు. పెద్దవాడి ఓటు ఎటు పడినా అక్కడి ఫలితం మారేది కాదు. చిన్నవాడికి అసలు ఓటే లేదు. హెచ్-1బి వీసా ఉన్నవారికే కాక గ్రీన్ కార్డు ఉన్నవారికి కూడా అధ్యక్ష ఎన్నికలలో ఓటు హక్కు ఉండదు, పౌరులకు మాత్రమే ఉంటుంది. ఫలితాన్ని మార్చలేని ఒక ఓటు, అసలే లేని మరో ఓటు కలిసి ఒక తల్లి ఇంటిని రెండుగా చీల్చాయి.

అట్లని ఆ ఇద్దరి మాటలలో దేనినీ తేలికగా తీసివేయలేము. తమ్ముడి భయం ఊహ కాదు. 2025 సెప్టెంబరు 19న ట్రంప్ కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ప్రకటన చేశారు. ఆ వీసాలు పొందేవారిలో 70 శాతానికి పైగా భారతీయులే. ఆ రాత్రి నిజాంపేటలో నిద్రపోని తల్లిదండ్రులు ఎందరో మాకు తెలుసు. అన్న వేదన కూడా నిజమైనదే. చనిపోతున్న పసిబిడ్డలను చూస్తూ 'ముందు నా పని' అనలేని మనస్సు విశ్వాసానికి గుర్తు. ఒకరు తన కుటుంబానికి రాబోయే కష్టాన్ని చూశారు, మరొకరు ఎవరి బిడ్డలకో జరిగిన అన్యాయాన్ని చూశారు. ఇందులో కపటం ఎవరిది?

విశ్వాసానికీ అభిప్రాయానికీ మధ్య గీత

ఏ అభ్యర్థికి ఓటు వేస్తే అన్యాయం తగ్గుతుందనేది ఇజ్తిహాద్‌కు సంబంధించిన విషయం. అంటే బుద్ధిని, సమాచారాన్ని ఉపయోగించి ఎవరికి వారు తేల్చుకోవలసినది. అది ఈమాన్ పరీక్ష కాదు. హిజ్రీ 5వ సంవత్సరంలో కందక యుద్ధం ముగిసిన వెంటనే దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ సహచరులను బనూ ఖురైజా వాడకు పంపుతూ, అక్కడికి చేరాకే అస్ర్ నమాజు చేయమని ఆదేశించారు. దారిలోనే వేళ దాటిపోసాగింది. త్వరగా వెళ్లమనడమే ఆ మాట ఉద్దేశమని కొందరు దారిలోనే నమాజు చేశారు. ఆదేశం ఆదేశమేనని మరికొందరు ఆలస్యమైనా అక్కడికి చేరాకే చేశారు. విషయం తెలిసిన తరువాత ప్రవక్త (స) ఏ వర్గాన్నీ మందలించలేదు. నమాజు వంటి మౌలిక విధిలోనే రెండు అవగాహనలకు చోటు లభించినప్పుడు, డెమొక్రాట్ - రిపబ్లికన్ లెక్కలలో భిన్నాభిప్రాయం చూపిన సోదరుణ్ణి మునాఫిఖ్ అనే అధికారం మనకు ఎవరిచ్చారు?

ఆచరణలో దీనికి ఒక ఉదాహరణ అమెరికా పార్లమెంటులోనే ఉన్నది. 2018లో ఆ సభకు ఎన్నికైన మొదటి ఇద్దరు ముస్లిం మహిళలు రషీదా తలైబ్, ఇల్హాన్ ఒమర్. గజా విషయంలో ఇద్దరి గొంతూ ఒకటే. కాని 2024లో పాలస్తీనా సంతతి బిడ్డ అయిన తలైబ్ హారిస్‌కు మద్దతు ప్రకటించలేదు, ఒమర్ ప్రకటించారు. ఆ తరువాత కూడా ఆయుధాల సరఫరాకు వ్యతిరేకంగా ఇద్దరూ ఒకే వైపు నిలబడుతూనే ఉన్నారు.

అయితే అన్ని నిర్ణయాలూ సమానమేనని, ఎవరినీ ఏమీ అడగకూడదని మేము అనడం లేదు. ఓటు వేసినవారికి ఒక బాధ్యత మిగిలి ఉంటుంది: తాము గెలిపించిన వారిని, తాము బలపరచిన పార్టీని నిలదీయడం. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ గజాను అమెరికా స్వాధీనం చేసుకుంటుందని అన్నప్పుడు, 'ట్రంప్ కోసం అరబ్ అమెరికన్లు' అనే సంస్థ తన పేరులోంచి ఆయన పేరును తీసివేసింది. అది కొంతవరకు జవాబుదారీతనమే. 2025 జూన్‌లో 12 దేశాల ప్రజల రాకపై ఆయన నిషేధం విధించారు. యెమెన్ ఆ జాబితాలో ఉన్నది. యెమెన్ కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసించే హామ్‌ట్రమ్క్‌లో ఆయన కోసం ఓట్లడిగినవారు దానికి తమ ప్రజలకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. హారిస్ పక్షం వారు తమ పార్టీ ఒక పాలస్తీనా గొంతుకు వేదికను ఎందుకు నిరాకరించిందో అడుగుతూనే ఉండాలి. స్టైన్‌కు దేశం మొత్తం మీద ఒక్క శాతం ఓట్లు కూడా రాలేదు. రెండు ఎన్నికల మధ్య నాలుగేళ్లలో తాము ఏమి నిర్మించారో ఆ పక్షం వారు చెప్పాలి. అడగవలసినవి ఈ ప్రశ్నలు. 'నీ ఈమాన్ ఏది' అనేది అడగవలసిన ప్రశ్న కాదు.

నాలుగేళ్ల పనికి ఫలితం ఎట్లా ఉంటుందో చూడాలంటే మన హైదరాబాదు బిడ్డ గజాలా హష్మీని చూడాలి. ఆమె 1964లో ఈ నగరంలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వెళ్లారు. అధ్యాపకురాలిగా పనిచేశారు. 2017లో ట్రంప్ మొదటిసారి ముస్లిం దేశాలపై రాకపోకల నిషేధం విధించినప్పుడు, ఈ దేశంలో మనకు చోటున్నదా అనే ప్రశ్న ఆమెను రాజకీయాల వైపు నడిపించింది. 2019లో వర్జీనియా సెనేటుకు, 2025 నవంబరులో అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. బడులు, వైద్యం వంటి అందరి సమస్యలపై ఏళ్ల తరబడి పని చేసి, అన్ని మతాలవారి ఓట్లతో ఆమె ఆ స్థానానికి చేరారు.

మన గడపలో ఇదే జబ్బు

ఈ మాటలన్నీ అమెరికాలో ఉన్నవారికి మాత్రమే చెప్పడం లేదు. తెలంగాణలో 2023 శాసనసభ ఎన్నికలలో కాంగ్రెస్‌కు ఓటు వేసినవారిని, బి.ఆర్.ఎస్.కు వేసినవారిని, మజ్లిస్‌కు వేసినవారిని మన వీధులలో ఏమని పిలిచారో గుర్తు తెచ్చుకోండి. 'ఏజెంట్', 'గద్దార్', 'అమ్ముడుపోయినవాడు'. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక వేళ కూడా అవే మాటలు మళ్లీ వినిపించాయి. మసీదు మెట్ల దగ్గర మొదలైన వాదన సఫ్‌లలో చోటు మార్చుకునే వరకూ వెళ్లింది.

అదే సముదాయం మరో విధంగా కూడా నడుచుకోగలదు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చినప్పుడు, ముస్లిం పర్సనల్ లా బోర్డు పిలుపుపై ఏప్రిల్ 30 రాత్రి 9 గంటలకు పదిహేను నిమిషాల పాటు దీపాలు ఆర్పివేశారు. మా ప్రాంతంలో ఆ రాత్రి చీకటైన ఇళ్లలో అన్ని పార్టీల ఓటర్లూ ఉన్నారు. నాలుగు శాతం రిజర్వేషన్ సంగతీ అంతే. 2007 చట్టాన్ని హైకోర్టు 2010లో కొట్టివేస్తే, అదే ఏడాది సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు దానిని నిలబెట్టింది. ఆ సీట్లలో చదువుకున్న మన పిల్లలలో ప్రతి పార్టీ కుటుంబం పిల్లలూ ఉన్నారు. హక్కు అందరిదీ అయినప్పుడు, ఓటు వేరైనంత మాత్రాన దాని కోసం నడవవలసిన దారి వేరు కాదు.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలంలో అనేక ఎన్నికలలో పోలింగ్ విధులు నిర్వర్తించాము. తెల్లవారుజామున మాక్ పోల్ వేళ పోటీ పార్టీల ఏజెంట్లు ఒకే బల్ల చుట్టూ నిలబడి, ఒకే కాగితంపై సంతకాలు చేసి, ఒకే ఫ్లాస్కులోని చాయ్ తాగేవారు. సాయంత్రం యంత్రానికి సీలు వేసేటప్పుడు కూడా అంతే. పగలంతా ఓటు ఓటుకూ పోట్లాడినవారే, పెట్టె భద్రంగా చేరాలనే విషయంలో ఒక్కటిగా ఉండేవారు. పార్టీల కార్యకర్తలకు సాధ్యమైన మర్యాద, ఒకే ఖిబ్లా వైపు తిరిగి నిలబడే మనకు సాధ్యం కాదా?

కనుక మా సూచనలు కొన్ని.

ఏ ఎన్నిక వచ్చినా మునాఫిఖ్, గద్దార్, ఏజెంట్ అనే మాటలు మన గ్రూపులలో కనబడకూడదు. గ్రూపు నడిపేవారు ఆ సందేశాన్ని తొలగించాలి. రాసినవారికి విడిగా ఫోను చేసి చెప్పాలి, అందరి ముందూ కాదు.

అభ్యర్థి పేరు చర్చకు రాకముందే మన కోరికల పత్రం సిద్ధం కావాలి. వక్ఫ్ ఆస్తులు, రిజర్వేషన్, ఉర్దూ మాధ్యమ పాఠశాలలు, కబ్రస్తాన్ స్థలం, ఏది ముఖ్యమో మహిళలనూ యువకులనూ అద్దె ఇళ్లలో ఉండే కార్మికులనూ కూర్చోబెట్టి నిర్ణయించాలి. ఆ ఒకే పత్రం అన్ని పార్టీల చేతికీ ఇవ్వాలి. ఎన్నిక ముగిసిన తరువాత అదే పత్రం పట్టుకుని గెలిచినవారి గుమ్మం ఎక్కాలి. అప్పుడు ఆ పార్టీకి ఓటు వేసినవారే ముందు నడవాలి.

చివరిగా ఓటర్ల జాబితా. అమెరికా ఓటు గురించి రాత్రంతా వాదించే ఇళ్లలో ఇక్కడి జాబితాలో పేరు లేనివారు మాకు తరచుగా తారసపడుతున్నారు. నిజాంపేటలో అద్దె ఇల్లు మారడం సర్వసాధారణం కాబట్టి పేర్లు పాత చిరునామాలలోనే ఉండిపోతున్నాయి. కొత్తగా నమోదుకు ఫారం 6, చిరునామా మార్పునకు ఫారం 8 నింపాలి. విదేశంలో ఉంటూ భారత పౌరసత్వం నిలుపుకున్న మీ పిల్లలు ఫారం 6ఎ ద్వారా ఇక్కడి ఓటరుగా నమోదు కావచ్చు. అయితే పోలింగ్ నాడు స్వయంగా వచ్చి ఓటు వేయాలి.

ఒక విశ్వాసి తన సోదరునితో మూడు రోజులకు మించి మాట మానడం ధర్మసమ్మతం కాదని, ఇద్దరిలో ముందుగా సలాం చెప్పినవారే ఉత్తములని మన ప్రవక్త (స) బోధించారు. 2024 నవంబరు నుండి ఎన్ని మూడు రోజులు గడిచాయో లెక్క వేయనక్కరలేదు. ఫోను చేతిలోనే ఉన్నది. అవతలివారు ఎవరికి ఓటు వేశారని అడగకుండా, ఈ జుమాలోగా ముందు మీరే సలాం చెప్పండి.